ఏడో వార్డు డిటోలు

పెదకాలవపల్లి పురపాలక సంఘంలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి రిటైరైన కొమ్మోజు భద్రాచారికి జీవితంలో గర్వకారణాలు రెండే. ఒకటి ఆయన దస్తూరి, రెండోది ఆయన కొట్టిన డిటోలు.

దస్తూరి సంగతి ఊరంతా ఒప్పుకున్నదే. శుభలేఖల మీద పేర్లు రాయించుకోవడానికి పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చేవారు. డిటోల సంగతి మాత్రం తెలియనివాళ్లకి కాస్త విడమరిచి చెప్పాలి. రిజిస్టరులో పై గడిలో ఏముందో కింది గడిలోనూ అదే రాయాల్సి వస్తే, చెయ్యి నొప్పి పెట్టుకోకుండా ‘డిటో’ అని రాసి ఊరుకుంటారు. పైనున్నదే ఇక్కడా అని అర్థం. దేశంలో ప్రతి గుమాస్తా చేసే పనే అది. కాకపోతే మిగతావాళ్లు బద్ధకం కొద్దీ చేసేవారు, భద్రాచారి భక్తితో చేసేవాడు. “ఒకసారి చెప్పిన సంగతి మళ్లీ చెప్పడమంటే, చదివేవాణ్ణి తెలివితక్కువవాడనడమే కదటయ్యా” అనేవాడు.

ముప్పై ఏళ్ల కిందట ఏడో వార్డు కుటుంబ నమోదు రిజిస్టరును ఆయనే ఇంటింటికీ తిరిగి రాశాడు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నెంబరు, వృత్తి, పుట్టుమచ్చ, బతికున్నదీ లేనిదీ. ఇంటి పెద్దకి ఈ గడులన్నీ నిండుగా నింపేవాడు. ఇల్లాలికి భర్త పేరు, పెద్దపిల్లకి తండ్రి పేరు రాసేవాడు. ఆ తర్వాత పుట్టినవాళ్లందరికీ అడ్డంగా డిటో, డిటో, డిటో. పుట్టుమచ్చకి కూడా డిటోయే. ఒకే ఇంట్లో ఒకే తిండి తినేవాళ్లకి మచ్చలు మాత్రం వేరేగా ఎందుకుంటాయని ఆయన వాదన. తన ఇంటి దగ్గరికొచ్చినా పక్షపాతం చూపలేదు. రెండో కూతురు హైమవతికి అప్పుడు రెండేళ్లు. పేరు ఒక్కటీ రాసి, మిగతా గడులకి డిటో కొట్టి, మంచం మీద నిద్రపోతున్న పిల్లని ముద్దు పెట్టుకుని పక్కింటికి వెళ్లిపోయాడు.

ఆయన రిటైరయ్యాక పురపాలక సంఘానికి కాగితం మీద విరక్తి పుట్టింది. రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలన్నారు. ఆ పనికి కుదిరిన కాంట్రాక్టు పిల్లలకి మేనేజరు ఒకటే మాట చెప్పాడు: ఉన్నది ఉన్నట్టు కొట్టండి, సొంత తెలివి వాడకండి. వాళ్లు బుద్ధిమంతులు. డిటో ఉన్నచోటల్లా డిటో అనే కొట్టారు. అంతవరకూ కొంపలేమీ మునగలేదు. కొత్తగా వచ్చిన కమిషనరు గారికి మాత్రం ఇంటి వరసన ఉన్న జాబితాలో ఎవరి పేరూ ఒక పట్టాన దొరకలేదు. ‘ప్రజల సౌకర్యార్థం’ జాబితా మొత్తాన్ని అక్షర క్రమంలో పెట్టమని ఆజ్ఞాపించారు. ఒక బొత్తం నొక్కారు. రెప్పపాటులో ఏడో వార్డు జనమంతా ఇళ్లు వదిలేసి, అమ్మానాన్నల్ని వదిలేసి, అ నుంచి హ దాకా బుద్ధిగా వరసలో నిలబడ్డారు. డిటోలు కూడా వాళ్లతో పాటే వెళ్లి నిలబడ్డాయి.

పాత రిజిస్టర్లని పేపరు మిల్లుకి సాగనంపుతూ పెద్ద సభ చేశారు. భద్రాచారిని పిలిచి శాలువా కప్పారు. తన ఏడో వార్డు రిజిస్టరు లారీ ఎక్కుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి, అయినా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

ఇక అసలు కథ. హైమవతి ఇప్పుడు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది. అదే వార్డులో మోటారు వైండింగ్ దుకాణం నడిపే హేమసుందర్‌ని ఇష్టపడింది. కులం వేరు. భద్రాచారి నాలుగేళ్లు ససేమిరా అన్నాడు. అయిదో ఏడు పేపరు చదువుకుంటూ, తల ఎత్తకుండా, “నీ ఇష్టం” అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క అనలేదు. ఆ మాటలో ఒప్పుకోలు ఎంతో, విసుగు ఎంతో ఆ పిల్లకి అంతుపట్టలేదు. ఏదైతేనేం, రిజిస్టరు పెళ్లికి నోటీసు ఇచ్చేశారు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోగా పెళ్లి జరగకపోతే ఆ నోటీసు మురిగిపోతుంది. రిజిస్ట్రారు ఇద్దరి కుటుంబ నమోదు నకళ్లూ తెమ్మన్నాడు. మన ఆఫీసే కదా అని భద్రాచారి చొక్కా ఇస్త్రీ చేయించుకుని తనే బయల్దేరాడు.

కౌంటర్లో సూర్యకళ అనే గుమాస్తా కూర్చుని ఉంది. ఆయనకి మర్యాదగా కుర్చీ వేయించి, తెర మీద వెతికి, మొహం అదోలా పెట్టింది.

“అమ్మాయిగారి తండ్రి పేరు మహబూబ్ సాహెబు గారండి.”

“సరిగ్గా చూడమ్మా. కొమ్మోజు హైమవతి. తండ్రి కొమ్మోజు భద్రాచారి. నీ ఎదురుగుండా కూర్చున్నాను.”

“మీరు కూర్చున్నారండి, కాదన్లేదు. ఇక్కడ మాత్రం డిటో అని ఉందండి. పైనెవరా అంటే హేమసుందర్ గారండి. ఆయనకీ డిటోయేనండి. ఆ పైన దర్జీ హుస్సేన్ సాహెబు గారండి. ఆయనకి నిండుగా ఉందండి. తండ్రి మహబూబ్ సాహెబు, వృత్తి దర్జీ, ఎడమ చెంప మీద కందిగింజంత మచ్చ.”

“ఆ హేమసుందరే మా పెళ్లికొడుకమ్మా.”

సూర్యకళ ఆయన్ని జాలిగా చూసింది. “ఒక తండ్రి పిల్లలకి పెళ్లేంటండి భద్రాచారి గారూ. తమరికి తెలీందేముంది.”

భద్రాచారికి ఆ మాట కొత్త కాదు. ముప్పై నాలుగేళ్లు అదే కౌంటర్లో కూర్చుని, రికార్డులో ఉన్నదే నిజం, మీ నోటిమాట చెల్లదు పొమ్మని ఎన్ని వందల మందిని పంపించేశాడో ఆయనకే లెక్క లేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

ఇంటికెళ్లి సంగతి చెప్పాడు. హైమవతి చివరిదాకా వింది. తర్వాత నెమ్మదిగా అంది.

“నీకిష్టం లేదని తెలుసు నాన్నా. కానీ ముప్పై ఏళ్ల కిందటే ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేశావని తెలీదు.”

“అదేం మాటే. అప్పటికి నీకు రెండేళ్లు.”

“అందుకే అంటున్నా. ఎంత ముందుచూపో చూడు.”

భార్య కామాక్షి వంటింట్లోంచి తొంగి చూసి, “చెల్లాయికీ అన్నయ్యకీ కాఫీ కలపనా” అంది. హేమసుందర్ అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియక చెప్పులు విడవకుండానే నిలబడిపోయాడు. భద్రాచారికి మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ పిల్ల అన్నది ఎకసెక్కమే అయినా, సగం నిజంగానే నమ్ముతోందని ఆయనకి అర్థమైంది. కావాలని అడ్డం కొట్టాడనుకుంటోంది. ఈ పెళ్లి తన చేతి రాత వల్ల ఆగిపోతే ఆ పిల్ల మళ్లీ తన మొహం చూడదు.

మర్నాడు పొద్దున్నే కమిషనరు గారి గదిలో ఉన్నాడు. కమిషనరు గారు వినయంగానే మాట్లాడారు, పుస్తకంలా మాట్లాడారు.

“భద్రాచారి గారూ, తమరు ఈ సంస్థకు సుదీర్ఘ సేవలు అందించిన వారు. తమరే సెలవివ్వండి. డిటో అనగా ఏమి?”

“పైనున్నదేనండి.”

“పైన ఎవరున్నారు?”

“ఇప్పుడాండి, అప్పుడాండి?”

“కార్యాలయ వ్యవహారములందు అప్పుడు అనునది ఉండదు. రికార్డును ఎప్పుడు చూచిన అది ఇప్పుడే.”

“అయ్యా, నేను రాసినప్పుడు హైమవతి పైన మా పెద్దపిల్ల అనసూయ ఉందండి. మీరు అక్షర క్రమంలో పెట్టేసరికి అనసూయ అ దగ్గరికి పోయింది, హైమ హ దగ్గరికి పోయింది. మనుషులు జరిగారు గానీ నాన్నలు జరగరు కదండీ.”

“తమరి వాదన హృదయమునకు హత్తుకొనుచున్నది. సవరణకు అవకాశము కూడా కలదు. మూల రిజిస్టరు యొక్క సంబంధిత పుట నకలు సమర్పించినచో తక్షణమే సవరించగలము.”

“దాన్ని తమరే లారీ ఎక్కించారు కదండీ.”

కమిషనరు గారు గోడ వైపు చూపించారు. అక్కడ పటం కట్టిన ఫోటో ఉంది. లారీ, లారీలో రిజిస్టర్లు, పక్కనే శాలువాతో చప్పట్లు కొడుతున్న భద్రాచారి.

“పోనీ పెళ్లికొడుకు పేరో, పెళ్లికూతురి పేరో మార్చుకుంటే?” అన్నాడు భద్రాచారి.

“పేరు మార్చుకొనుటకు పౌరులకు సంపూర్ణ స్వేచ్ఛ కలదు. అయితే నోటీసులో ఉన్న పేరు మారినచో నోటీసు రద్దగునని రిజిస్ట్రారు కార్యాలయము వారి నిబంధన. వారి నిబంధనలలో మేము జోక్యము చేసుకొనము. మా నిబంధనలలో వారు జోక్యము చేసుకొనరు. అన్యోన్యముగా ఉందుము.”

ఈ గొడవ మళ్లీ మళ్లీ రాకుండా కమిషనరు గారు ఒక ఉత్తర్వు కూడా జారీ చేశారు. డిటో అనగా తెరపై సదరు వరుసకు పైన, నిండుగా నింపబడిన మొట్టమొదటి వరుసలోని సమాచారమని భావించవలెనని, ఏతద్విషయమై ఎవరును వగచి ప్రయోజనము లేదని దాని సారాంశం.

ఆ ఉత్తర్వు నోటీసు బోర్డు ఎక్కడంతో ఏడో వార్డు తలకిందులైంది. ఎవరి పైన ఎవరున్నారో చూసుకోవడానికి జనం మున్సిపాలిటీకి క్యూ కట్టారు. చేపలమ్మే లచ్చమ్మ పైన బియ్యం మిల్లు యజమాని లక్ష్మీకాంతం ఉన్నాడు. ఆయన వృత్తి ఆమె వృత్తి అయింది, ఆయన మేడ నెంబరు ఆమె ఇంటి నెంబరు అయింది. మధ్యాహ్నానికల్లా ఆవిడ చేపల తట్టతో సహా వెళ్లి ఆ మేడ వసారాలో కూర్చుంది. లక్ష్మీకాంతం లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చాడు.

“నా ఇంట్లో నేను కూకోడానికి ఎవర్నడగాలయ్యా” అంది లచ్చమ్మ తాపీగా. “మున్సిపాలిటీవోళ్లే రాసిచ్చారు. చదువుకున్నోడివి, చదువుకో.”

హేమసుందర్ దుకాణానికి తాళం పడింది. రికార్డు ప్రకారం దర్జీ అయినవాడు మోటార్లు విప్పడం నిబంధనలకి విరుద్ధమట. ఒక కుట్టుమిషను పెట్టుకుంటే తెరవనిస్తామన్నారు. అతను ఒకటి అద్దెకు తెచ్చి మూల పెట్టుకున్నాడు.

ఈ లోగా మేస్త్రి వెంకటరత్నం గారు కాలం చేశారు. కంప్యూటర్లో ఆయన ఎదురుగా ‘మృతుడు’ అని కొట్టారు. తెల్లారేసరికి ఆయన కింద డిటోలతో ఉన్న వెంకటలక్ష్మి, వెంకటస్వామి, వెంకటేశు మొదలైన పదకొండు మంది కూడా మృతులయ్యారు. పురపాలక సంఘం పన్నెండు మందికీ కలిపి సంతాప సభ ఏర్పాటు చేసింది. పదకొండు మందీ తెల్లచొక్కాలేసుకుని వెళ్లి, తమ ఆత్మశాంతికి తామే రెండు నిమిషాలు మౌనం పాటించి, టీ తాగి వచ్చారు.

ఆ వార్త వినగానే భద్రాచారికి దర్జీ సాహెబు గుర్తొచ్చాడు. హుస్సేన్ సాహెబుకి ఎనభై ఒకటి. భార్యా పిల్లలూ లేని ఒంటరి ప్రాణం. ఆయన గుటుక్కుమంటే హేమసుందర్, హైమవతి ఆయనతో పాటే పోతారు. ఇక పెళ్లి మాట దేవుడెరుగు. ఆ రోజు నుంచి కాబోయే దంపతులకి సాహెబు ఆరోగ్యమే లోకమైపోయింది. పొద్దున్నే హేమసుందర్ రాగిజావ పట్టుకెళ్లేవాడు. సాయంత్రం హైమవతి వెళ్లి బీపీ చూసేది. భద్రాచారి రోజుకి మూడుసార్లు వెళ్లి ఆయన దగ్గు ఎలా ఉందో చెవి పెట్టి విని వచ్చేవాడు.

“అరే ఆచారీ, ఇన్నేళ్లూ నాకెవ్వరూ లేరనుకున్నానయ్యా” అన్నాడు సాహెబు, జావ గ్లాసు దించి. “పోయే కాలానికి తమ్ముడూ చెల్లెలూ దొరికారు. నీ చేతి చలవే. బిర్యానీ మాత్రం తిననివ్వట్లేదు, అదొక్కటీ చెప్పు వాళ్లకి.”

ఊళ్లో అల్లరి ఎక్కువయ్యేసరికి పురపాలక సంఘం డిటో అర్థనిర్ణయ ఉపసంఘం వేసింది. భద్రాచారిని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలిచారు. ఆయన ఎంతో ఆశతో వెళ్లాడు. నోటీసు గడువు ఇంకా ఇరవై రోజులుంది. ఒక విశ్రాంత తెలుగు పండితులు లేచి, ఈ డిటో అనే మాట ఇటలీ దేశపు భాష నుంచి వచ్చిందని, అక్కడ దానికి ‘చెప్పబడినది’ అని అర్థమని విన్నవించారు. గదిలో కలకలం రేగింది.

“అంటే ముప్పై ఏళ్లుగా మన వార్డు పిల్లల తండ్రి పేరు గడిలో ఇటలీ మాట ఉందా?” అన్నాడు ఒక సభ్యుడు, కళ్లజోడు తీసి.

“పరాయి దేశపు మాటకు మన పౌరుల పితృత్వాన్ని అప్పగించుట శోచనీయము” అన్నాడు మేనేజరు తాతబ్బాయి.

“అయ్యా, మాట ఎక్కడిదైతేనేమండి” అంటూ భద్రాచారి లేచాడు. “చిక్కు మాటలో లేదండి, వరసలో ఉందండి. జాబితాని మళ్లీ ఇంటి వరసన పెడితే...”

ప్రత్యేక ఆహ్వానితులకు ఆలకించుటకే గానీ పలుకుటకు అధికారము లేదని గుర్తు చేసి ఆయన్ని కూర్చోబెట్టారు. డిటో బదులు ఏ స్వదేశీ మాట పెట్టాలన్న దాని మీద గంటన్నర చర్చ నడిచింది. ‘పైవిధముగానే’ అంటే గడిలో పట్టదన్నారు. ‘మక్కీకి మక్కీ’ అంటే గౌరవంగా లేదన్నారు. పండితులు ‘తదేవ’ అన్నారు. అందరి మొహాలూ వెలిగాయి. ఇక సభ్యుల అభిప్రాయాలు వరసగా రాసుకోవాలి. అదే సమయానికి అధ్యక్షుల వారికి ఫోనొస్తే బయటికెళ్లారు. కాబట్టి మొదటి గడిలో ‘అభిప్రాయము లేదు’ అని రాశారు. మిగతా తొమ్మిది మందీ అధ్యక్షుల అభిప్రాయమే తమ అభిప్రాయమన్నారు. ఆ విధంగా ఉపసంఘం తనకి అభిప్రాయం లేదని ఏకగ్రీవంగా తీర్మానించి, ఆ తీర్మానాన్ని అమలు చేయమని కంప్యూటరు విభాగానికి పంపింది. కంప్యూటరు విభాగం వాళ్లు తెలివైనవాళ్లు. ఏదో ఒకటి చేయకపోతే బాగుండదని, డిటో ఉన్నచోటల్లా తదేవ అని మార్చేశారు.

“శుభం” అంది హైమవతి, కొత్త నకలు చూసి. “ఇప్పుడు సంస్కృతంలో అన్నాచెల్లెళ్లమయ్యాం.”

భద్రాచారి ఏదో చెప్పబోయాడు. ఆ పిల్ల వినకుండా లోపలికెళ్లి తలుపేసుకుంది. మునుపు ఎకసెక్కమైనా ఆడేది. ఆ తలుపు చప్పుడు ఆయన చెవుల్లో చాలాసేపు ఉండిపోయింది.

ఆ వారమే పురపాలక సంఘం ‘పేరు మార్పు మేళా’ పెట్టింది. మంచి పైవరస దొరకని వాళ్లంతా పేర్లు మార్చుకోవడానికి ఎగబడుతున్నారు. లక్ష్మీకాంతం గారి కింద చేరడానికి ఒక్కరోజే ఆరుగురు లక్ష్మీనారాయణలు తయారయ్యారు. లచ్చమ్మ మేడ వసారాలోంచి లేచొచ్చి, తన పైన ఎవర్నీ కూర్చోనివ్వనని కౌంటరు ముందు ధర్నా చేసింది.

ఆ తోపులాటని గోడవారగా నిలబడి చూస్తున్న భద్రాచారికి హఠాత్తుగా దారి కనిపించింది. ఒక్కసారి గుమాస్తా అయినవాడు ఎప్పటికీ గుమాస్తాయే. పెళ్లికొడుకు పేరు మారకూడదు, పెళ్లికూతురి పేరు మారకూడదు. సరే. ఆ ఇద్దరి మధ్యలోకి గడులన్నీ నిండుగా ఉన్న మనిషి ఎవరైనా వచ్చి నిలబడితే, హైమవతి తదేవ ఆ మనిషి దగ్గరే ఆగిపోతుంది, హేమసుందర్ దాకా పోదు. ఇద్దరూ తోబుట్టువులు కాకుండా పోతారు.

ముందు ప్రసూతి ఆసుపత్రికి వెళ్లాడు. ఏడో వార్డులో కొత్తగా పుట్టిన బిడ్డకి ‘హేమ’కీ ‘హై’కీ మధ్యన పడే పేరు పెడతారేమోనని మంచం మంచానికీ తిరిగి బతిమాలబోయాడు. ఒక బాలింత పాపం ఓపిగ్గానే విని, “మా అత్తగారు పెట్టిన పేరే నాకు నచ్చక ఏడుస్తున్నాను, మధ్యలో మీరెవరండీ” అంది. రెండో మంచం దాకా రాకముందే నర్సు ఆయన్ని బయటికి నడిపించింది.

మెట్ల మీద కూర్చుని అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. మ తర్వాత య, య తర్వాత ర. నేరుగా మేళాకి వెళ్లి సూర్యకళ ముందు నిలబడ్డాడు.

“నా పేరు హేరంబాచారి అని మార్చమ్మా.”

“మీకెందుకండీ, మీది ఇంటి పెద్ద వరస. ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు.”

“మార్చమ్మా.”

సూర్యకళ కొట్టింది. భద్రాచారి వరస భ దగ్గర మాయమై, అన్ని గడులతో సహా హ దగ్గర తేలింది. ఆయన పోయిన చోట ఇన్నాళ్లూ ఆయన్ని ఆనుకుని బతికిన భవాని, భాస్కర్లు ఆ పై వరసలో ఉన్న బైరాగి తోబుట్టువులైపోయారు. సూర్యకళ తెరని కిందికి జరిపి చదివింది.

“హేమసుందర్ గారండి, తర్వాత మీరండి, మీ కింద అమ్మాయిగారండి. బాగానే కుదిరిందండి. అమ్మాయిగారి వృత్తి రిటైర్డ్ గుమాస్తా, పుట్టుమచ్చ కుడి చూపుడు వేలి మీద సిరా మరక, తండ్రి పేరు...” ఆమె ఆగింది. “తండ్రి పేరు వీరాచారి గారండి. అంటే మీ నాన్నగారండి. మీ తండ్రి పేరే ఆవిడకీ వస్తుంది కదండీ. మీకు చెల్లెలవుతారండి.”

ఈ సంగతి ఆయనకి ఆసుపత్రి మెట్ల మీదే తెలుసు. తెలిసే వచ్చాడు. అయినా ఇంకొకళ్ల నోటి నుంచి వినడం వేరు. ఆ పిల్ల పుట్టిన రోజున వానలో తడుస్తూ ఆసుపత్రికి పరిగెత్తినవాడు తను. సొంత పేరుకి, తండ్రన్న మాటకి, రెండిటికీ ఒకేసారి నీళ్లొదులుకోవాలంటే ఎవరికి మాత్రం కష్టం కాదు.

“ఇంకోసారి ఆలోచించుకుంటారా అండి?” అంది సూర్యకళ మెల్లిగా.

“ముద్ర వెయ్యమ్మా” అన్నాడు.

ఇంటికెళ్లి కామాక్షికి మాత్రం చెప్పాడు. ఆవిడ మొత్తం విని, చేతిలో ఉన్న చాట పక్కన పెట్టింది.

“నా వరసలో భర్త పేరు భద్రాచారి అనే ఉందా?”

“ఉంది.”

“ఆ భద్రాచారి ఇప్పుడు ఎక్కడా లేడా?”

“లేడు.”

“అయితే ఈ హేరంబాచారి గారెవరో నాకు తెలీదు. పరాయి మగవాడు ఇంట్లో ఉంటే బాగోదు. వరండాలో పక్క వేస్తాను” అంది. అని, లోపలికెళ్లి కళ్లు తుడుచుకుని, ఆయనకిష్టమైన కంద పులుసు పెట్టింది.

కూతురికి చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నకళ్లు వచ్చాయి, బుధవారం వెళ్దాం అన్నాడు. ఆ పిల్ల నమ్మీ నమ్మనట్టు తల ఊపింది. ఈయనగారు ఇంకేం తిరకాసు పెట్టాడో అన్నట్టు చూసింది. ఆ చూపు ఆయన చూసి కూడా చూడనట్టు ఊరుకున్నాడు.

బుధవారం రిజిస్ట్రారు ఆఫీసులో ఫ్యాను కింద అందరూ నిలబడ్డారు. నోటీసు మురగడానికి ఇంక రెండే రోజులున్నాయి. వరుడి తరఫు సాక్షిగా హుస్సేన్ సాహెబు తనే కుట్టుకున్న కొత్త షేర్వాణీలో వచ్చాడు. వరుడికి ఏమవుతారని రిజిస్ట్రారు అడిగితే, “సొంత అన్నని సార్, నలభై ఆరేళ్లు తేడా అంతే” అన్నాడు. రిజిస్ట్రారు నకలు చూసి, సరిపోయిందని టిక్కు పెట్టాడు. కామాక్షి రెండో సాక్షి. మూడో సాక్షి సంతకం వంతు వచ్చింది.

“వధువు హైమవతి, వీరాచారి గారి కుమార్తె” అని చదివాడు రిజిస్ట్రారు. “తండ్రిగారు హాజరయ్యారా?”

“కాలం చేశారండి” అన్నాడు భద్రాచారి. “నేను అన్నయ్యనండి. హేరంబాచారి.”

హైమవతి గిరుక్కున తిరిగి చూసింది. బల్ల మీది నకలు లాక్కుని చదివింది. ఒకసారి పైనున్న వరస, ఒకసారి కిందున్న వరస. రోజూ పిల్లలకి ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో చెప్పే మనిషికి ఇది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కాగితం పట్టుకున్న చెయ్యి దించి, ఇస్త్రీ చొక్కాలో తల వంచుకుని నిలబడ్డ ఆ ముసలాయన్ని చూస్తూ ఉండిపోయింది.

“సంతకం పెట్టండమ్మా, బయట ఇంకా రెండు జంటలున్నాయి” అన్నాడు రిజిస్ట్రారు.

ఆ పిల్ల కలం తీసుకుంది గానీ పెట్టలేదు.

“అన్నయ్యా” అంది. “ఈ పెళ్లి నాన్నకి ఇష్టమేనా?”

భద్రాచారి తల ఎత్తాడు. ‘నీ ఇష్టం’ అన్న రోజు నుంచీ ఆ ప్రశ్న ఆ పిల్ల సూటిగా అడగనూ లేదు, ఆయన సూటిగా చెప్పనూ లేదు.

“ఇష్టమేనమ్మా” అన్నాడు. “పంతం కొద్దీ బయటికి చెప్పలేకపోయాడు గానీ, చాలా ఇష్టం.”

హైమవతి మోచేత్తో కళ్లు తుడుచుకుని, వంగి సంతకం పెట్టింది.